దీవికి ప్రదక్షిణం

మన సంఘ సభ్యులలో ఒక పెద్దమనిషి క్రిందటి నెల మాకొక ఉత్తరమూ, దానితోపాటు ఒక పటమూ పంపారు. రానున్న సంవత్సరం ఉద్యోగ విరమణ కాగానే కుటుంబ సమేతంగా మారిషస్ దీవి చూచి రావాలని వారి సంకల్పం. వెళ్లేవారు అయిదుగురు: తాము, ఇల్లాలు, అబ్బాయి, కోడలు, ఎనభై రెండేళ్ల తల్లిగారు. అక్కడ కారు అద్దెకు తీసికొని అబ్బాయే నడుపుతాడట. మొత్తం నాలుగు రోజులు చాలునా అని ప్రశ్న. పటం మీద సముద్రతీరం వెంబడి ఎర్రసిరాతో గీత గీసి, ప్రక్కన ‘‘చుట్టు: ఒక రోజు’’ అని వ్రాశారు.

ఉత్తరానికి విడిగా జవాబు వ్రాసి ఊరుకోవచ్చు. కాని ఈ ఆలోచన ఇంకా కొందరు చదువరుల ఇళ్లలోనూ నడుస్తున్నదని మాకు తెలుసు. మా బరంపురంలో, యానాంలో, ‘‘మా వాళ్లలో ఒకాయన ఓడెక్కి మోరీసు పోయాడు, మళ్లీ రాలేదు’’ అని చెప్పుకొనే పాత కుటుంబాలు నేటికీ ఉన్నవి. గంజాం, విశాఖపట్టణం, గోదావరి జిల్లాల నుంచి చెరకు తోటల పనికి ఒప్పందం మీద వెళ్లినవారి సంతతి ఆ దీవిలో ఉన్నది. యానానికి ప్రక్కనే ఉన్న కోరంగి రేవు పేరు మీదనే అక్కడ మనవారిని ‘కొరింగీ’లని పిలిచేవారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. 1990లో ప్రపంచ తెలుగు మహాసభ జరిగినది కూడా అక్కడే. కాబట్టి ఇది వట్టి షికారు ప్రయాణం కాదు. ఉత్తరం వ్రాసినవారి తల్లిగారికి తాతగారి అన్న ఒకరు అలా వెళ్లినవారేనట. ఆవిడ కోరినది సముద్రమూ కాదు, కొండలూ కాదు. ఆయన దిగిన రేవు చూడాలని మాత్రమే.

అందుచేత మా జవాబు ఇది. నాలుగు రోజులు చాలవు, ఎనిమిది కావాలి. ఎనిమిది వీలుకాని పక్షంలో చుట్టు తిరగడం మానివేసి సగం దీవిని చూచి రావడం మేలు.

దీవి చిన్నదే. పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. వైశాల్యం సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు, అనగా మా గంజాం జిల్లాలో దాదాపు నాలుగో వంతు. అందులో పన్నెండు లక్షలకు పైగా జనం. ఉత్తరాన్నుంచి రాజధాని పోర్ట్ లూయీ మీదుగా ఆగ్నేయాన ఉన్న విమానాశ్రయం దాకా పెద్ద రహదారి ఉన్నది. దాని మీద ప్రయాణం వేగంగానే సాగుతుంది. తీరం వెంబడి దారి అటువంటిది కాదు. ఊరి తరువాత ఊరు, ఇరుకు రోడ్డు, ఆగి ఆగి నడిచే బస్సులు, రోడ్డంచునే నడిచే మనుషులు, కుక్కలు, అడుగడుగునా మలుపులు. మైళ్లు లెక్కవేసి బయలుదేరితే మోసపోతాము, గంటలు లెక్కవేయాలి. ఒక్కరోజు చుట్టులో కారు నడిపేవాడు చూచేది ముందు పోయే బస్సు వెనుక అద్దం. వెనుక కూర్చున్న పెద్దావిడకు దక్కేది నడుము నొప్పి.

ఇక ఏ దిక్కుగా తిరగాలన్నది. చాలామంది దీని సంగతి ఆలోచించరు గాని, మాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచినది ఇదే. మారిషస్‌లో మనలాగే రోడ్డుకు ఎడమ ప్రక్కన నడుపుతారు. 1810 నుంచి 1968 వరకు ఇంగ్లీషువారి పాలన కదా. కనుక దీవిని గుడిగా భావించి ప్రదక్షిణంగా, మధ్య కొండలు మన కుడి చేతి వైపు ఉండేటట్లు తిరిగితే, సముద్రం ఎడమ వైపు, మన బండి పోయే అంచుకే వస్తుంది. ఎక్కడైనా ఆగాలనిపిస్తే ఎదురుగా వచ్చే బండ్లకు అడ్డం పోకుండా ప్రక్కకు తీసి ఆపుకోవచ్చు. అప్రదక్షిణంగా పోతే ఆగిన ప్రతిసారీ రోడ్డు దాటవలసినదే. ఎర్ర గీతకు బాణం గుర్తు పెట్టమని పెద్దమనిషికి ఇదివరకే వ్రాశాము.

విమానాశ్రయం ఆగ్నేయ మూల ఉండడం ఇందుకు బాగా కలిసివస్తుంది. ముంబయి నుంచి సుమారు ఆరున్నర గంటల ప్రయాణం. దిగిన వెంటనే అలసటతో దూరాలు నడపకూడదు. దగ్గరలోనే మయేబూర్ అనే పాత పట్టణం ఉన్నది, మొదటి రెండు రాత్రులు అక్కడ బస. ఆ పట్టణం పేరు లాబూర్దొన్నె అనే ఫ్రెంచి గవర్నరుది. ఆయనే 1746లో ఈ దీవి నుంచి ఓడలు నడుపుకొని వచ్చి మదరాసు కోటను పట్టుకొన్నాడు. మదరాసు చదువరులు ఈ సంగతి గుర్తుంచుకొని ఆ వీధులలో తిరిగితే వాటి రుచి వేరు. సోమవారం నాడు అక్కడ పెద్ద సంత. విమానం టిక్కెట్టు కొనేటప్పుడే ఆ సోమవారం చేతికి అందేటట్లు చూచుకోవాలి.

మూడవ నాడు దక్షిణ తీరం మీదుగా పడమటికి. ఇది ఆ దీవిలో కెల్లా అందమైన దారి అంటారు, తొందరపడి పాడు చేసికోకూడదు. దీవి చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బ అడ్డు ఉండి నీరు చెరువులా నిలకడగా ఉంటుంది. సుయాక్ దగ్గర గ్రీ గ్రీ అనే చోట మాత్రం ఆ అడ్డు లేదు. సముద్రం నేరుగా వచ్చి రాళ్లను కొడుతుంది. చూడవలసినదే గాని నీళ్లలో దిగరాదు. అక్కడినుంచి మకోందే మలుపు దాటి పోతే నైరుతి కొసన ల మోర్న్ కొండ. పారిపోయిన బానిసలు తలదాచుకొన్న కొండ అది. 2008లో ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేర్చారు. పెద్దవారు ఎక్కనక్కరలేదు, క్రింది నుంచి చూస్తేనే దాని గంభీరత తెలుస్తుంది.

పడమటి తీరాన ఇల్లు అద్దెకు తీసికొని నాలుగు రాత్రులు కదలకుండా ఉండడం మంచిది. రోజుకొక హోటలు మార్చే ప్రయాణంలో సగం పొద్దు పెట్టెలు సర్దడానికే పోతుంది. వంటగది ఉన్న ఇల్లు అయితే తల్లిగారికి ఇంత అన్నమూ చారూ కాచి పెట్టుకోవచ్చు. బజారులో పప్పు కూరిన పలుచని పూరీలు దొరుకుతవి. వాటిని ధోల్ పూరీ అంటారు, మన బొబ్బట్టుకు తీపిలేని చుట్టం అనుకోవచ్చు. మందులు తీసికొనిపోయేవారు డాక్టరు చీటీ వెంట ఉంచుకొనాలి. కొన్ని నొప్పి మాత్రల విషయంలో అక్కడ నియమాలు బహు గట్టివి.

అక్కడినుంచి ఒకనాడు ఉదయాన్నే షమరెల్ కొండదారి. నిటారు ఎక్కుడు, మెలికల మలుపులు. కడుపులో త్రిప్పేవారికి ముందు సీటు ఇవ్వాలి. రంగురంగుల మట్టి గుట్టలు, జలపాతం చూచుకొని, అడవి మధ్యగా గంగా తలావ్ చేరవచ్చు. కొండ మీది సరస్సు, ఒడ్డున శివాలయం, దారి ప్రక్కన 108 అడుగుల శివుని విగ్రహం. శివరాత్రికి లక్షలాది జనం దీవి నలుమూలల నుంచి కాలినడకన వస్తారు. ఆ దినాలలో ఆ వైపు కారు తీసికొనిపోవడం వారికీ మనకూ ఇబ్బందే. కొండ మీద వాన ఎప్పుడైనా పడవచ్చు, చలి కూడా ఉంటుంది. సముద్రం ఒడ్డున ఎండ కాస్తున్నదని శాలువా ఇంట వదలి రాకూడదు.

మరునాడు ఎక్కడికీ పోకూడదు. ఆ రోజు పద్దులో ఖాళీగా ఉంచండి. ఖాళీ పద్దు కనపడితే ఏదో ఒకటి వ్రాసి నింపాలని మా గుమాస్తాల చేతులకు దురద, దానిని అణచుకోవాలి. వాన వచ్చి పాడైన రోజుకు అదే బదులు, కారు నడిపేవానికి అదే విశ్రాంతి.

ఆ తరువాత తల్లిగారి రోజు. పోర్ట్ లూయీకి కారులో పోవలసిన అవసరమే లేదు. నగరంలో రద్దీ ఎక్కువ, బండి ఆపే చోటు కష్టం. 2022 నుంచి క్యూర్‌పీప్ పట్టణం దాకా మెట్రో రైలు నడుస్తున్నది. మధ్య స్టేషను ఒకదాని వద్ద కారు వదలి రైలెక్కితే తిన్నగా నగరంలో దిగవచ్చు. రేవు ప్రక్కనే ఆప్రవాసీ ఘాట్. 1834 నుంచి 1920 వరకు సుమారు నాలుగున్నర అయిదు లక్షల మంది కూలీలు మన దేశం నుంచి ఆ దీవికి చేరారు. వారిని దింపి, లెక్క వ్రాసి, తోటలకు పంచిన చోటు అది. 2006 నుంచి అదీ ప్రపంచ వారసత్వ స్థలమే. మిగిలినవి కొన్ని గోడలు, కొన్ని గదులు, సముద్రం వైపు రాతి మెట్లు. ‘‘ఇంతేనా’’ అని చిన్నవారు అనవచ్చు. ఆదివారం కాకుండా పనిదినం నాడు, ఎండ ముదరకముందే వెళ్లి, పెద్దావిడను ఎంతసేపు కూర్చోదలిస్తే అంతసేపు కూర్చోనివ్వాలి. ఆ పూటకు మరొక కార్యక్రమం పెట్టవద్దని ప్రత్యేకంగా మనవి.

ఏడవ నాడు బస మార్చి ఉత్తరానికి. పాంప్లెమూస్ తోటలో పళ్లెమంత, కాదు, పెద్ద గంగాళం మూత కంటె వెడల్పయిన ఆకులు గల కలువలు చూచి, ఆ రాత్రి ఉత్తర తీరాన గడిపి, ఎనిమిదవ నాడు తూర్పు తీరం మీదుగా విమానాశ్రయం చేరితే చుట్టు పూర్తి అవుతుంది. దారిలో చెరకు తోటల మధ్య నల్లరాళ్ల గుట్టలు పిరమిడ్లలా కనిపిస్తవి. అవి ఎవరో అలంకారానికి పేర్చినవి కావు. సేద్యానికి నేల చదును చేస్తూ కూలీలు ఏరి పోసిన అగ్నిపర్వతపు రాళ్లు.

చెరకు మాట వచ్చినది కనుక కాలం సంగతి. జనవరి మొదలు మార్చి దాకా తుపానుల కాలం. 2024 జనవరి 15న బెలాల్ అనే తుపాను వచ్చినప్పుడు పోర్ట్ లూయీ వీధులలో నీరు పొంగి కార్లు తేలిపోయినవి. హెచ్చరిక వెలువడితే కారు ఇంటి వద్ద ఆపి లోపల కూర్చోవడం తప్ప విహారయాత్రికునికి మరొక పని లేదు. మే నుంచి నవంబరు దాకా చల్లగా, పొడిగా ఉంటుంది. జూన్, జూలై నెలల నుంచి చెరకు కోత, రోడ్ల మీద చెరకు బండ్లు. కోత కానిచోట మనిషెత్తు పైర్లు అడ్డువచ్చి కూడలిలో ఏమి వస్తున్నదీ కనపడదు. అయినా మా ఓటు సెప్టెంబరు, అక్టోబరులకే. ఉగాదికి అక్కడ ఉండాలన్న ముచ్చట మంచిదే గాని, ఆ ముచ్చట తీర్చుకొనేవారు కారు చుట్టు పెట్టుకోకుండా ఒకే ఊళ్లో ఉండడం క్షేమం. చలికాలంలో అక్కడ ఆరు గంటలకు ముందే ప్రొద్దు గుంకుతుంది. సాయంత్రం అయిదింటికి బండి ఇంటి ముందు నిలవాలన్నది ఇంట్లో అందరూ ఒప్పుకొన్న చట్టంగా ఉండాలి.

కారు విషయం. అయిదుగురు మనుషులు, అయిదు పెట్టెలు చిన్న కారులో పట్టవు. బేరం కుదిరినదని చిన్నది తీసికొంటే తల్లిగారి ఒడిలో పెట్టె పెట్టవలసి వస్తుంది. కొంచెం పెద్ద బండి తీసికొనండి, లేదా మనిషికి ఒక చేతిసంచితో సరిపెట్టండి. అబ్బాయి మన దేశపు లైసెన్సుతోపాటు, ప్రాంతీయ రవాణా కార్యాలయంలో ఇచ్చే అంతర్జాతీయ అనుమతి పత్రం కూడా తీసికొంటే పేచీ ఉండదు. రుసుము 1,000 రూపాయలు, చెల్లుబడి ఒక సంవత్సరం. కారు కంపెనీలు జమానతు సొమ్మును నడిపేవాని పేరున ఉన్న క్రెడిట్ కార్డు మీదనే పట్టి ఉంచడం వాడుక. తండ్రి కార్డు, కొడుకు లైసెన్సు అంటే కౌంటరు దగ్గర చిక్కే. భీమా ఉన్నా, ప్రమాదంలో మొదటి ఇంత సొమ్ము మనదే బాధ్యత అని పత్రంలో ఒక పంక్తి ఉంటుంది. ఆ అంకె చూచి గాని సంతకం పెట్టరాదు. మా బంధువు ఒకరికి వేరొక దేశంలో, తనకు సంబంధం లేని పాత గీతకు డబ్బు కట్టవలసి వచ్చింది. బండి తీసికొనేటప్పుడే నాలుగు వైపులా ఫోటోలు తీసి ఉంటే ఆ వాదన పుట్టేది కాదు. ఇక గుండ్రపు కూడళ్లు అక్కడ మెండు. కుడి వైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలని నియమం. మన దేశంలోనూ అదే నియమం అని పుస్తకాలలో ఉన్నది. అక్కడ పాటిస్తారు.

ఊళ్ల పేర్లన్నీ ఫ్రెంచివి, వ్రాసినట్లు పలకరు. యానాం పెద్దలెవరైనా మీకు తెలిసి ఉంటే ఒక సాయంత్రం వారి దగ్గర కూర్చొని పేర్లు చదివించుకోవడం మంచిది.

చివరగా తల్లిగారి పని ఒకటి ఉన్నది, ప్రయాణానికి చాలా ముందే చేయవలసినది. మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ సంస్థలో కూలీల రాకను గురించిన పాత రిజిస్టర్లు భద్రపరచారు. వచ్చిన ప్రతి మనిషికీ ఒక అంకె వేసి, పేరు, తండ్రి పేరు, ఊరు వ్రాశారు. వ్రాసిన గుమాస్తా తెలుగు ఎరుగడు. చెవికి వినపడినట్లు ఇంగ్లీషు అక్షరాలలో దించాడు. మా వృత్తివాడే గనుక అతనిని మేము ఎక్కువ నిందించలేము. అప్పన్న అక్కడ ఏ రూపంలో ఉన్నాడో వెదకాలంటే పేరు ఒక్కటీ చాలదు. ఆ తాతగారి అన్న తండ్రి పేరేమిటి, ఊరు ఏ తాలూకాలోది, వెళ్లినది ఏ కరువు తరువాత, వెంట ఎవరైనా వెళ్లారా, ఇవన్నీ తల్లిగారిని అడిగి ఒక కాగితం మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వ్రాసి, ముందుగా ఆ సంస్థకు ఉత్తరం పంపాలి. ఆవిడకు మధ్యాహ్నం నిద్ర లేచాక జ్ఞాపకాలు బాగా వస్తవని పెద్దమనిషి వ్రాశారు. ఆ వేళకే కాగితం పట్టుకొని కూర్చోండి.