దారి పక్కన ఒక రాత్రి: హక్కెంత, మర్యాద ఎంత?

2024 డిసెంబరులో కేరళలోని వటకర వద్ద రోడ్డు పక్కన ఆగి ఉన్న ఒక కారవాన్‌లో ఇద్దరు వ్యక్తులు మృతులై కనిపించారు. బండిలో ఏసీ నడవడానికి వేసిన జనరేటర్ నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి చేరడమే వారి మరణానికి కారణమని నిపుణుల పరిశీలనలో తేలింది. ఆ తరువాత నెల తిరగకముందే, 2025 జనవరిలో, ఉత్తరప్రదేశ్‌లోని బృందావనంలో పార్కింగ్ స్థలంలో నిలిపి ఉంచిన యాత్రికుల బస్సు తగులబడింది. నిర్మల్ జిల్లా నుంచి వెళ్లిన ఆ బస్సులోని వారు చాలామంది దైవదర్శనానికి దిగి వెళ్లారు. లోపల ఉండిపోయిన ఒక యాత్రికుడు మంటలకు ఆహుతయ్యాడు.

ఒకటి లక్షలు ఖర్చు చేసి తయారు చేసిన విలాసవంతమైన బండి. మరొకటి పల్లెల నుంచి పుణ్యక్షేత్రాలకు జనాన్ని చేర్చే సామాన్యమైన బస్సు. రెండు ప్రమాదాలూ బండి నడుస్తుండగా జరిగినవి కావు, ఆగి ఉండగా జరిగినవి. నడిచే బండికి వేగ పరిమితి మొదలు సీటు బెల్టు వరకు నియమాలు ఎన్నో ఉన్నాయి. ఆగిన బండినే ఇల్లుగా చేసుకుని రాత్రి గడపడానికి మాత్రం ఈ దేశంలో స్పష్టమైన నియమమూ లేదు, స్థిరపడిన మర్యాదా లేదు. కారవాన్ పర్యటనలకు రాష్ట్రాలు పోటీలు పడి ఆహ్వానం పలుకుతున్న ఈ రోజుల్లో ఈ లోటును ఇంకా ఉపేక్షించడం తగదు.

కొత్త పేరు, పాత అలవాటు

బండిలో పడుకుని ప్రయాణం సాగించడం భారతీయులకు కొత్త కాదు. ఎడ్లబండ్లు కట్టుకుని తీర్థయాత్రలకు వెళ్లిన తరాలు చెరువుగట్టునో, మర్రిచెట్టు కిందనో, సత్రం వాకిటనో రాత్రి గడిపేవి. తెల్లవారి బయలుదేరే ముందు పొయ్యి ఆర్పి, వండుకున్న చోటు శుభ్రం చేసి కదలడం నాటి ఆనవాయితీ. నేడు వంటసామగ్రితో, వంటమనిషితో సహా కాశీకీ, శబరిమలకూ బయలుదేరే తెలుగు యాత్రికుల బస్సులు ఆ ఎడ్లబండ్లకు వారసులే. 2018 వరదల తరువాత శబరిమల వాహనాలకు ప్రధానమైన నిలుపుదల స్థలంగా మారిన నిలక్కల్‌లో దీక్షాకాలంలో కనిపించే బస్సుల బారులు ఈ అలవాటు ఎంత విస్తృతమైనదో చాటుతాయి.

వీరందరి కంటే ఎక్కువ రాత్రులు బండిలో గడిపేవాడు లారీ డ్రైవరు. అతనికి అది విహారం కాదు, జీవనం. క్యాబిన్‌లోని సన్నని బల్లే అతని మంచం. డ్రైవరు, క్లీనరు వంతులవారీగా నడుం వాల్చే చోటు. ఈ ముగ్గురికీ, అంటే విహారయాత్రికుడికీ, తీర్థయాత్రికుడికీ, లారీ డ్రైవరుకూ, రాత్రివేళ కావలసింది ఒక్కటే: భయం లేకుండా బండి నిలుపుకోగల నాలుగు గజాల నేల.

చట్టం చెప్పేది, చెప్పనిది

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 122వ సెక్షను ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, అనుచితమైన అసౌకర్యం కలిగే రీతిలో బహిరంగ స్థలంలో బండి నిలపరాదని శాసిస్తుంది. ఎవరూ లేకుండా పది గంటలు గానీ అంతకు మించి గానీ వదిలేసిన వాహనాన్ని తొలగించే అధికారాన్ని 127వ సెక్షను పోలీసులకు ఇస్తుంది. మరోవైపు, ఒకరోజు పని ముగిసిన తరువాత మర్నాటి పని మొదలయ్యే లోపు కనీసం తొమ్మిది గంటల నిరంతర విశ్రాంతి ఉండాలని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే నిర్దేశించింది. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ దాని స్థానాన్ని ఆక్రమించింది. విశ్రాంతి తీసుకోమని ఒక చట్టం, ఎక్కడపడితే అక్కడ ఆగవద్దని మరొక చట్టం చెప్పాయి. రెండూ సమంజసమే. కానీ ఆ తొమ్మిది గంటలు ఎక్కడ గడపాలన్న ప్రశ్నకు సమాధానం రెండింటిలోనూ దొరకదు.

ఆ సమాధానం దొరకనప్పుడు బండి రోడ్డు అంచున ఆగుతుంది. 2025 నవంబరు 2న రాజస్థాన్‌లోని ఫలోడీ వద్ద ఆగి ఉన్న ట్రైలరును యాత్రికుల వాహనం వెనుక నుంచి ఢీకొనగా పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అలసిన డ్రైవరు ఆగకపోయినా ప్రమాదమే. ఆగకూడని చోట ఆగినా ప్రమాదమే. 2022 ఒక్క సంవత్సరంలోనే రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మందిని పోగొట్టుకున్న దేశంలో వాహనాలు ఆగడానికి తగిన చోటు చూపడం సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

ఒకరికి స్వాగతం, ఒకరికి లాఠీ

కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటక విధానాన్ని ప్రకటించింది. కనీసం 50 సెంట్ల స్థలంలో, కనీసం ఐదు బండ్లు నిలిచే వీలుతో కారవాన్ పార్కులు నెలకొల్పవచ్చునని తెలిపింది. మర్నాటి సంవత్సరమే వాగమన్‌లో తొలి పార్కు ప్రారంభమైంది. మహారాష్ట్ర కూడా 2021లోనే ఇటువంటి విధానాన్ని చేపట్టింది. నీరు, విద్యుత్తు, మురుగునీటి పారుదల ఉన్న చోటనే బండి నిలపాలన్న ఆలోచన హర్షణీయమే. అయితే అదే రాత్రి, అదే రహదారిపై లారీలో నిద్రిస్తున్నవాడికి ఎదురయ్యేది తలుపు మీద లాఠీ దెబ్బ. లక్షల విలువైన బండిలో పడుకున్నవాడు పర్యాటకుడు, సరుకు బండిలో పడుకున్నవాడు అనుమానితుడు అన్న దృష్టి మారనంత కాలం ఏ విధానమూ న్యాయమైనది కాజాలదు. నియమం ఏదైనా సరే, అది బండి విలువను బట్టి కాక, అందులోని మనిషి ప్రవర్తనను బట్టి వర్తించాలి.

ప్రవర్తనే అసలు ప్రశ్న

బహిరంగ పార్కింగ్ స్థలంలో రాత్రి బస చేసేవారు పాటించవలసిన మర్యాదలన్నీ ఒక్క సూత్రంలో ఇముడుతాయి: ఆ స్థలం నిద్రకే గానీ నివాసానికి కాదు. చీకటి పడ్డాక వచ్చి, తెల్లవారగానే కదలాలి. ఒక రాత్రికి మించి ఉండవలసి వస్తే రుసుము చెల్లించే పార్కుకు వెళ్లాలి. పెట్రోలు బంకు, ధాబా, ఆలయ ప్రాంగణం వంటి చోట్ల ముందుగా యజమానినో, కాపలాదారునో అడగాలి. అడిగి ఆగినవాడు అతిథి, అడగకుండా ఆగినవాడు ఆక్రమణదారుడు. ఒకరి ఇంటి గుమ్మం ఎదుటనో, బడి గేటు ముందో, అంబులెన్సు తిరగవలసిన దారిలోనో బండి నిలపడం ఏ వేళనైనా తప్పే.

కుర్చీలు, బల్లలు బయట పరచి, పాటలు మోగించి, ఆ చోటును పెరడుగా మార్చుకోవడం ఊరివారి సహనాన్ని పరీక్షించడమే. వాడిన నీటిని నేల మీదికి వదలడం, మరుగుదొడ్డి ట్యాంకును కాలువలోనో చెరువులోనో ఖాళీ చేయడం అమర్యాద మాత్రమే కాదు, అపరాధం. ఆ చెరువులో పశువులు నీళ్లు తాగుతాయి. ఆ కాలువ నీరు ఎవరి పొలానికో పారుతుంది. చెత్తను సంచిలో కట్టి వెంట తీసుకుపోవడం, నిలిపిన చోట కనీసం చాయ్ అయినా కొని ఊరివారికి నాలుగు రూపాయలు మిగల్చడం పెద్ద కష్టమైన పనులు కావు.

కొన్ని మర్యాదలు ప్రాణరక్షణ సూత్రాలు కూడా. రాత్రంతా జనరేటర్ నడిపేవాడు పక్కవారి నిద్రను చెడగొట్టడమే కాక తన ప్రాణాన్నీ పణంగా పెడుతున్నాడని వటకర ఘటన నేర్పింది. 2023 ఆగస్టులో మదురై స్టేషను వద్ద నిలిపి ఉంచిన పర్యాటక రైలు బోగీలో, నిబంధనలకు విరుద్ధంగా తెచ్చిన గ్యాసు బండ మీద పొయ్యి వెలిగించగా తొమ్మిది మంది మరణించారు. బోగీ అయినా, బస్సు అయినా, కారవాన్ అయినా, మనుషులు నిద్రించే చోట మంట రాజేయడం ఎంత ప్రమాదమో ఇంతకంటే వేరే నిదర్శనం అక్కరలేదు.

ఇతర దేశాల అనుభవం

ఈ చిక్కు ఇతర దేశాలకూ ఎదురైంది. నిషేధం లేని బహిరంగ పార్కింగ్ స్థలంలో, తిరిగి బండి నడిపే శక్తిని కూడదీసుకోవడానికి ఒక రాత్రి నిద్రించడాన్ని జర్మనీ అనుమతిస్తుంది. కుర్చీలు బయట వేసి విడిది చేస్తే మాత్రం దానిని వేరుగా పరిగణిస్తుంది. విశ్రాంతికీ విడిదికీ మధ్య గీసిన ఈ గీత ఆచరణకు అనువైనది. న్యూజిలాండ్ 2011లో ఇందుకోసం ప్రత్యేక చట్టమే చేసింది. విహారయాత్రికులు వదిలిన మలినాలతో స్థానికులు విసిగిపోగా, 2023లో నిబంధనలను బిగించి, స్వయంసమృద్ధమైన బండిగా ధ్రువపత్రం పొందాలంటే అందులో స్థిరంగా అమర్చిన మరుగుదొడ్డి ఉండాలని పట్టుబట్టింది. మర్యాద మరచిన కొందరి వల్ల అందరి స్వేచ్ఛా కుదించుకుపోతుందన్నది అక్కడి పాఠం.

చేయవలసినది

కేంద్ర ప్రభుత్వం ఈ దిశలో అసలే కదలలేదనడం సరికాదు. జాతీయ రహదారుల పక్కన శుభ్రమైన మరుగుదొడ్లు, పార్కింగ్, వసతి గదులు వంటి సౌకర్యాల కోసం 2024 అక్టోబరులో 'హమ్‌సఫర్' విధానం వెలువడింది. 2025 అక్టోబరు 1 తరువాత తయారయ్యే లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి అయింది. చమురు సంస్థలు లారీ డ్రైవర్ల కోసం నెలకొల్పిన 'అప్నా ఘర్' వసతులు 2025 మధ్య నాటికి 368కి, వాటిలోని పడకలు సుమారు 4,600కు చేరాయి. కానీ జాతీయ రహదారుల మొత్తం పొడవు 1.46 లక్షల కిలోమీటర్లు. సగటున లెక్కిస్తే సుమారు 400 కిలోమీటర్లకు ఒక వసతి అన్నమాట. పైగా డ్రైవరు సరుకునూ, డీజిలునూ వదిలి పడక వెతుక్కుంటూ వెళ్లలేడు. అతనికి ముందుగా కావలసింది మెత్తని పరుపు కాదు, కాపలా ఉన్న స్థలం.

పార్కింగ్ స్థలాలలో రాత్రి బసను అనుమతిస్తే అవి మురికివాడలుగా, అసాంఘిక కార్యకలాపాలకు నెలవుగా మారతాయని అభ్యంతరం చెప్పేవారు లేకపోలేదు. ఆ భయం నిరాధారమైనది కాదు. అయితే నిషేధం నిద్రను ఆపలేదు. వెలుగున్న చోటు నుంచి చీకటిలోకి, పార్కింగ్ నుంచి రోడ్డు అంచుకు నెట్టగలదు, అంతే. దానికి బదులు ప్రతి టోల్‌గేటుకు సమీపంలో దీపాలు, నీరు, మరుగుదొడ్లు, మురుగు ఖాళీ చేసే చోటు, కాపలా ఉన్న స్థలాన్ని కేటాయించి, ఒక రాత్రి గడువు విధించి, నియమాలను ఆయా భాషల్లో బోర్డు మీద రాయించడం మేలు. ఉల్లంఘించినవాడికి, అతనిది కారవాన్ అయినా లారీ అయినా, ఒకే జరిమానా విధించాలి. టోల్ వసూలు చేసే వ్యవస్థకు ఇది అసాధ్యమైన పని కాదు.

స్థలం చూపడం ప్రభుత్వం బాధ్యత. చూపిన స్థలాన్ని దొరికినట్టే వదిలి వెళ్లడం బాటసారి బాధ్యత. మొదటిది నెరవేర్చకుండా రెండవదాని గురించి ఉపదేశించే హక్కు ప్రభుత్వానికి లేదు. రెండవది పాటించకుండా మొదటిదాని కోసం డిమాండు చేసే అర్హత ప్రయాణికుడికీ లేదు. రేపు రాత్రి అదే చోట తలవాల్చడానికి మరొకడు వస్తాడన్న ఎరుక కలిగిన రోజున ఈ రెండూ వాటంతట అవే సాధ్యమవుతాయి.