కొలిచే యంత్రాన్ని కొలిచేదెవరు?

కొలత మీద నమ్మకమే లోకవ్యవహారానికి పునాది. తెలుగువారు త్రాసు అన్నా, ఉర్దూ సోదరులు తరాజూ అన్నా, ఆ రెండు పళ్ళాల నడుమ నిలిచేది న్యాయమే. మా ఆదోని పత్తి మార్కెట్టుకు సరుకు తెచ్చిన రైతును గమనించండి. పత్తిని కాటా మీద పెట్టిన క్షణం నుండి అతని చూపు సరుకు మీద ఉండదు, కాటా చూపే అంకె మీద ఉంటుంది. నెలల తరబడి పడిన కష్టం ఆ ఒక్క అంకెలో తేలవలసి ఉన్నది. అయినను అతడు ఆ అంకెను గుడ్డిగా నమ్మడు. కాటాకు ముద్ర ఉన్నదా లేదా అని అడుగుతాడు. అనుమానం కలిగితే మరొక కాటా మీద తూచమంటాడు.

చదువురాని రైతు చూపే ఈ జాగ్రత్తను చదువుకున్న మనము ఒక విషయంలో పూర్తిగా మరచినామని మా అభిప్రాయం. అదే కారులో స్టీరింగు వెనుక వెలిగే మైలేజీ అంకె. "లీటరుకు 20 కిలోమీటర్లు" అని తెర మీద కనిపించగానే, అది ప్రయోగశాలలో తేల్చిన సత్యమన్నంత ధీమాతో నలుగురికీ చెప్పుకుంటాము. చెప్పుకున్నంతవరకు నష్టం లేదు. ఆ అంకెను చూపి మరొకరి నిజాయితీని తూచడానికి పూనుకున్నప్పుడే చిక్కు వచ్చి పడుతుంది.

మాకు తెలిసిన ఒక ఉదంతం చెబుతాము. మా పట్టణంలో అద్దెకు తిరిగే ఒక డీజిలు కారు ఎమ్మిగనూరు మీదుగా కర్నూలుకు తరచుగా పోయి వస్తుంటుంది. ఒక వారంలో అది 600 కిలోమీటర్లు తిరిగినది. తెర మీద సగటు లీటరుకు 20 కిలోమీటర్లని చూపినది. ఆ లెక్కన 30 లీటర్లు చాలాలి. బంకు రసీదులు మాత్రం ముప్పై రెండున్నర లీటర్లని చెప్పినవి. ఆ రెండున్నర లీటర్లు ఏమైనట్లు? యజమాని డ్రైవరును అనుమానించినాడు. ఆ మొత్తాన్ని జీతంలో కోసినాడు. మేము అడిగితే ఆ డ్రైవరు అన్న మాట ఇది: "మిషను అబద్ధం చెప్తాదా అని అడుగుతాండారు సార్, నేనేం చెప్పల్ల?"

మిషను అబద్ధం చెప్పదు. నిజమే. కాని తనకు తెలియనిదానిని కూడా తెలిసినట్లే చెబుతుంది. ఈ సంగతి ఎమ్మిగనూరు నేతగాడికి చెప్పనక్కర లేదు. 1938లో మాచాని సోమప్ప గారి కృషితో నేత సహకార సంఘం వెలసిన ఊరది. అక్కడ నూలుకు నంబరు చెబుతారు. 840 గజాల పొడవు గల చిలపలు ఒక పౌను బరువుకు ఎన్ని తూగితే, ఆ నూలు అన్నో నంబరు. 40 చిలపలు తూగితే 40వ నంబరు నూలు. అనగా, ఇంత బరువుకు ఇంత పొడవు. మైలేజీ కూడా అటువంటి నంబరే: ఇంత ఇంధనానికి ఇంత దూరం. కట్ట మీద 40 అని అచ్చు వేసినంత మాత్రాన నూలు 40వ నంబరు కాదు. పొడవు కొలిచి, బరువు తూచి చూడవలెను. రెండింటిలో ఏది తప్పినా నంబరు తప్పుతుంది.

కారులోని ట్రిప్ కంప్యూటరు ఈ రెండింటిని ఎట్లా తెలుసుకుంటున్నది? సాధారణంగా కార్లలో ఇంజనుకు పోయే ఇంధనాన్ని బంకులో వలె లీటర్లలో కొలిచే మీటరు ఉండదు. ఇంజనులోనికి ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లు ఎన్ని మిల్లీసెకన్లు తెరచి ఉన్నవో కంప్యూటరు లెక్కిస్తుంది. ఇంత ఒత్తిడిలో, ఇంతసేపు తెరచి ఉంటే ఇంత ఇంధనం పోయి ఉండవలెనని తేలుస్తుంది. ఇంజెక్టరు కొత్తదైనా, మసి పట్టి పాతబడినదైనా దాని లెక్క ఒక్కటే. దూరం సంగతీ అంతే. చక్రం ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కించి, చుట్టుకు ఇంత దూరమని హెచ్చవేస్తుంది. టైరు వ్యాసార్థం సుమారు 300 మిల్లీమీటర్లు ఉన్నదనుకుందాము. అరిగి అరిగి 6 మిల్లీమీటర్లు తగ్గితే, చుట్టుకు నడిచే దూరం నూటికి రెండు వంతులు తగ్గుతుంది. కాని కంప్యూటరు పాత లెక్కే వేస్తుంది. నడవని దూరాన్ని నడిచినట్లు చూపుతుంది.

దీనికి తోడు మన ఎండలున్నవి. పెట్రోలు ప్రతి డిగ్రీ వేడికీ వెయ్యింట ఒక వంతు వ్యాకోచిస్తుంది. బంకు భూగర్భ ట్యాంకులో చల్లగా ఉన్న ఇంధనం, వేసవి మధ్యాహ్నం కారు ట్యాంకులో పదిహేను డిగ్రీలు వేడెక్కితే ఒకటిన్నర శాతం ఉబ్బుతుంది. కనుక బంకులో పోసిన లీటరూ, ఇంజనులోనికి పోయిన లీటరూ అచ్చంగా ఒక్కటి కావు. ఇటువంటి చిన్న తేడాలు ఒకదానినొకటి రద్దు చేసుకొనవచ్చు. అన్నీ ఒకే వైపు మొగ్గనూ వచ్చు.

యంత్రం మాట అటుంచి, సగటు కట్టడంలో మనమే చేసే పొరపాటు ఒకటున్నది. విద్యార్థి మిత్రులు దీనిని కాగితం మీద వేసి చూడవలెనని మా కోరిక. ఆదోని నుండి ఎమ్మిగనూరు సుమారు 30 కిలోమీటర్లు. పోయేటప్పుడు తెర మీద 20, తిరిగి వచ్చేటప్పుడు జనంతో నిండి, ఏ.సి. వేసుకొని, ఆగుతూ వస్తే 12 అని చూపినది. సగటు ఎంత? పదహారని చాలామంది అంటారు. కాని పోయేటప్పుడు ఖర్చయినది లీటరున్నర, వచ్చేటప్పుడు రెండున్నర. మీజాను 4 లీటర్లు. 60 కిలోమీటర్లను నాలుగుతో భాగిస్తే వచ్చేది 15. చూసిన అంకెలను కూడి సగం చేసేవారు, ఎవరూ మోసం చేయకుండానే, తమకు తామే ఒక కిలోమీటరు మోసపోతున్నారు.

మరి చట్టం ఏమంటున్నది? 1956లో పార్లమెంటు తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం చేసి దేశాన్ని మెట్రిక్ పద్ధతికి మళ్ళించినది. నేడు అమలులో ఉన్నది 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం. దీని క్రింద పెట్రోలు బంకు యంత్రానికి ఏటేటా తనిఖీ, ముద్ర ఉన్నవి. బంకులో ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండవలెను; వినియోగదారుడు అడిగితే అందులో పోసి చూపవలెను. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్లకు మించి తేడా రాకూడదు, అనగా అర శాతం. ఆటో అద్దె మీటరుకు కూడా ముద్ర కావలెను. కారు తెర మీది అంకెకు మాత్రం ఏ ముద్రా లేదు. అది సొంతదారుని వినోదానికే గాని క్రయవిక్రయాలకు కాదని చట్టం తలచినట్లున్నది. కాని దానిని చూపి ఒక మనిషి జీతం కోసినప్పుడు అది కాటా కాక మరేమిటి? అర శాతానికి మించి తప్పకూడని ముద్ర గల యంత్రం ఒక ప్రక్క, ముద్రే లేని తెర ఒక ప్రక్క సాక్ష్యం చెబుతుంటే, మనము తెరను నమ్మి బంకు రసీదును శంకిస్తున్నాము!

అసాధ్యమైనదేదో మేము కోరుట లేదు. ఐరోపా దేశాలలో 2021 నుండి రిజిస్టరయ్యే కొత్త కార్లు తాము త్రాగే ఇంధనాన్ని తామే నమోదు చేసుకొనవలెను. ఆ లెక్క 5 శాతానికి మించి తప్పకూడదని నిబంధన. అట్లు సేకరించిన వివరాలతో 2024లో ఐరోపా కమిషన్ నివేదిక వెలువరించినది. పెట్రోలు, డీజిలు కార్లు ప్రయోగశాల పరీక్షలో తేలినదానికంటె నిజమైన రోడ్డు మీద సుమారు 20 శాతం ఎక్కువ ఇంధనం వాడుతున్నవని అందులో తేలినది. మన దేశంలో పూనాలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి సంస్థలలో రోలర్ల మీద నడిపి ధ్రువీకరించే మైలేజీ కూడా ప్రయోగశాల అంకెయే. కనుక కంపెనీవారు చెప్పేది ఒకటి, తెర చూపేది ఒకటి, బంకులో తేలేది ఒకటి. మూడూ ఒక్కటేనని అనుకొనడమే మన అమాయకత్వం.

మా వాదానికి ఎదురువాదం లేకపోలేదు. "తెరకు ఎవరి మీదా ప్రేమ లేదు, ద్వేషం లేదు, మనిషికంటె నయం కదా!" అంటారు. అందులో కొంత సత్యమున్నది. ఒకే కారులో నిన్నటికీ నేటికీ గల తేడాను తెర చక్కగా చూపుతుంది. కాలు సుతారంగా వేసి నడిపితే అంకె పెరుగుట చూసి బుద్ధి తెచ్చుకొన్నవారున్నారు. ట్యాంకు నింపి లెక్క వేసే పాత పద్ధతి మాత్రం దోషరహితమా? కాదు. ఒక తడవ నాజిలు ముందుగా ఆగిపోయి ఒక లీటరు తక్కువ పట్టినదంటే, 10 లీటర్ల లెక్కలో 10 శాతం తప్పు. కాని 80 లీటర్ల లెక్కలో అదే లీటరు ఒకటింబావు శాతమే. కాబట్టి ఒక ట్యాంకుతో తీర్పు చెప్పరాదు. మూడు నాలుగు ట్యాంకుల మీజాను చూడవలెను.

ఆ డ్రైవరు విషయంలో మేము చేసినది ఇంతే. యజమానిని ఒప్పించి, అదే బంకులో అదే యంత్రం దగ్గర ట్యాంకు నింపించి, వంతులవారీగా మాలో ఒకరు వెంట కూర్చున్నాము. మూడు ట్యాంకులలో 1,500 కిలోమీటర్లకు 81 లీటర్లు పట్టినది: లీటరుకు పద్దెనిమిదిన్నర. తెర మాత్రం 20.1 అని చూపినది. మేము ప్రక్కన కూర్చున్నప్పుడు కూడా లీటర్లు అంతే వంతున మాయమైనవంటే, దొంగ డ్రైవరు కాదు, ఆ కారు లెక్కయే! యజమాని కోసిన జీతం తిరిగి ఇచ్చినాడు. కాని ఆ మూడు వారాలు స్టాండులో తలవంచుకొని నిలబడిన మనిషికి ఆ రోజులను ఎవరు తిరిగి ఇస్తారు?

అందుచేత మా సూచనలు మూడు. మొదటిది: తెర అంకెను మాత్రమే ఆధారం చేసికొని ఎవరి కూలినీ కోయరాదు, ఎవరినీ దొంగ అనరాదు. రెండవది: కాలేజీ కమిటీవారు పోటీలకు, విహారయాత్రలకు కుదుర్చుకొనే వాహనాలకు ఒక రిజిస్టరు పెట్టి, ట్యాంకు నింపిన ప్రతిసారి కిలోమీటర్లు, లీటర్లు రాయించవలెను, ఆ పని విజ్ఞానశాస్త్ర, వాణిజ్యశాస్త్ర విద్యార్థులకే అప్పగించవలెను. పాఠ్యపుస్తకంలో చదివే కొలతలోని దోషమంటే ఏమిటో వారికి అక్కడ తెలుస్తుంది. మూడవది: తమ తెర ఎంత శాతం లోపల నిజం చెబుతుందో కంపెనీలు కొనుగోలుదారునికి రాసి ఇవ్వవలెను, దానికొక హద్దును ప్రభుత్వం నిర్ణయించవలెను.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో కొందరు డ్రైవర్ల లెక్కలు చూసే గుమాస్తాలవుతారు, కొందరు అధికారులవుతారు, కొందరు యజమానులవుతారు. అప్పుడు మీ ముందున్న తెరలు కారు తెరలే కానక్కరలేదు; మనుషుల పనిని, హాజరును, అర్హతను చూపే తెరలు ఎన్నో ఉంటవి. ఆ అంకెను చూసి ఒక మనిషి మీద తీర్పు చెప్పబోయే ముందు, మన పత్తి రైతు అడిగే ప్రశ్నను ఒక్కసారి అడగండి: ఈ కాటాకు ముద్ర ఉన్నదా?