విశ్వవిద్యాలయాల నృత్య, నాటక కృషి: చేవెళ్ల, మొయినాబాద్‌లకు ఉన్న అవకాశాలు

రంగారెడ్డి జిల్లా: చేవెళ్ల, మొయినాబాద్ 2025వ సంవత్సరంలో పురపాలక సంఘాలుగా ఏర్పడినవి. రహదారులు, మురుగు కాలువలు, తాగునీరు, వీధి దీపాలు మొదలగు అంశాలపై చర్చ సహజంగానే ముందుకు వచ్చినది. హైదరాబాద్ - బీజాపూర్ రహదారి వెంబడి గల మర్రిచెట్ల పరిరక్షణ విషయమై పర్యావరణ న్యాయస్థానం వరకు వాదోపవాదాలు నడిచినవి. అదే రహదారికి ఇరువైపులా గల గ్రామాల ఆటపాటలు, భాగోతాలు, భజన మండళ్ల గురించి మాత్రం అంతటి చర్చ జరిగిన దాఖలా లేదు. దేశంలో ప్రదర్శన కళలను విశ్వవిద్యాలయ స్థాయిలో బోధించే ప్రముఖ విద్యాలయాలలో ఒకటి ఇదే చేవెళ్ల లోక్‌సభ నియోజకవర్గం పరిధిలో ఉన్నదన్న సంగతిని పరిగణనలోకి తీసుకుంటే ఈ మౌనం కొంత ఆశ్చర్యం కలిగిస్తుంది.

2009 ఎన్నికల నుండి ఉనికిలోకి వచ్చిన చేవెళ్ల లోక్‌సభ నియోజకవర్గంలో శేరిలింగంపల్లి ఒక శాసనసభ విభాగం. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆ పరిధిలోనిదే. 1974లో స్థాపితమైన ఈ కేంద్రీయ విశ్వవిద్యాలయం తొలుత అబిడ్స్ సమీపంలోని సరోజినీ నాయుడు నివాసమైన గోల్డెన్ థ్రెషోల్డ్ భవనంలో పని ప్రారంభించినది. 1988లో ఆమె పేరిటనే ప్రదర్శన కళలు, లలిత కళలు, సమాచార ప్రసార విభాగాలతో కూడిన విద్యాపీఠం ఏర్పడినది. కూచిపూడి, భరతనాట్యం, రంగస్థల కళలలో స్నాతకోత్తర పట్టాలు, ఆపై పరిశోధన పట్టాలు ఇక్కడ లభిస్తున్నవి. అంతవరకు గురువు ఇంటి అరుగు మీదనో, నగరంలోని ప్రైవేటు నృత్య పాఠశాలలోనో సాగిన విద్య ఇచ్చట తరగతి గదికి, గ్రంథాలయానికి, పరీక్షా పత్రానికి చేరినది. ఈ మార్పు వలన కళ పలచబడినదని విమర్శించేవారు లేకపోలేదు. అయితే వంశపారంపర్యంగానీ, ఇంటి ఆర్థిక బలంగానీ లేని యువతీయువకులు దరఖాస్తు పత్రం నింపి కళలోనికి అడుగుపెట్టగలిగినది ఈ మార్గంలోనే అన్నది కాదనలేని విషయం.

ఈ విద్యాపీఠం ఆచార్యులు సాధించిన గుర్తింపు వివిధ రూపాలలో కనిపిస్తుంది. నృత్య విభాగ ఆచార్యురాలు జొన్నలగడ్డ అనురాధ, కూచిపూడిలో సంప్రదాయం, నూతన పోకడలు అనే అంశంపై చేసిన పరిశోధన ఆ నృత్యరీతిని భక్తి ప్రశంసకు అతీతంగా చరిత్రగా చదివే మార్గాన్ని చూపినది. రంగస్థల విభాగంలో దీర్ఘకాలం పనిచేసిన ఆచార్య బి. అనంతకృష్ణన్ 2023లో కేరళ కళామండలం విశ్వవిద్యాలయ ఉపకులపతిగా నియమితులయ్యారు. మహాకవి వళ్లత్తోళ్ 1930లో స్థాపించిన ఆ సంస్థ కథకళి, మోహినియాట్టం, కూడియాట్టాలకు పెట్టనికోట. దాని కులపతి మల్లికా సారాభాయ్ కూచిపూడి నర్తకి అన్నది కూడా ఇక్కడ గుర్తుచేసుకోదగినది. గచ్చిబౌలిలో పాఠం చెప్పిన ఆచార్యుడు, కూచిపూడి అభ్యసించిన కులపతి కలిసి కేరళలోని చెరుతురుత్తిలో ఒక సంస్థను నడిపించడం తెలుగు పాఠకులకు సంతోషం కలిగించే వార్తయే.

అదే విభాగం ఆధ్వర్యంలో, సర్ రతన్ టాటా ట్రస్టు సహాయంతో గోల్డెన్ థ్రెషోల్డ్‌లో నడిచిన రంగస్థల విస్తరణ విభాగం ఈ చర్చకు మరింత దగ్గరి ఉదాహరణ. విశ్వవిద్యాలయ ప్రాంగణం దాటి తెలుగు ప్రాంతాల యువ నాటక బృందాలతో కలిసి పనిచేయడం దాని ఉద్దేశం. విశ్వవిద్యాలయం తనంతట తాను గేటు దాటి బయటకు రాగలదని, అందుకు ప్రత్యేకంగా మనుషులు, నిధులు, ఒక చిరునామా కావాలని ఆ ప్రయత్నం నిరూపించినది. సాధారణ విధుల నడుమ మిగిలిన తీరికలో చేసే పని కాదది.

రెండవ సంస్థ తెలుగు విశ్వవిద్యాలయం. 1983లో రాష్ట్ర సాహిత్య, సంగీత నాటక, లలిత కళా అకాడమీలు రద్దయిన తరువాత వాటి బాధ్యతలు 1985 డిసెంబర్ 2న ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయానికి సంక్రమించినవి. అనగా కళాకారులను గుర్తించి ఆదుకొనే పని కూడా బోధనా సంస్థపైననే పడినది. ఒక సంస్థ రెండు పనులు చేయవలసి వచ్చినప్పుడు ఏదో ఒకటి వెనుకబడడం పరిపాటి. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత సంగీత నాటక అకాడమీ మరల ప్రత్యేక సంస్థగా నెలకొన్నది. తెలుగు విశ్వవిద్యాలయ నృత్య శాఖలో ఆచార్యురాలిగా పనిచేసిన డాక్టర్ పుంజాల అలేఖ్య 2024లో దాని అధ్యక్షురాలిగా నియమితులయ్యారు. విశ్వవిద్యాలయం నుండి అకాడమీకి సాగిన ఈ ప్రయాణం రెండింటి మధ్య తెగిన దారాన్ని ముడివేయడానికి అనుకూలమైనది.

రాష్ట్ర పునర్విభజన చట్టం పదవ షెడ్యూలులో ఉన్న ఈ విశ్వవిద్యాలయానికి శ్రీశైలం, రాజమహేంద్రవరం, కూచిపూడిలలోని పీఠాలు ఆంధ్రప్రదేశ్ వైపు, వరంగల్‌లోని జానపద గిరిజన విజ్ఞాన పీఠం తెలంగాణ వైపు ఉన్నవి. 2025లో తెలంగాణ శాసనసభ దీనికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెడుతూ చట్ట సవరణ చేసినది. పేరు మార్పుపై వచ్చిన వాదనల సందడిలో పాఠ్యక్రమం సంగతి అంతగా వినబడలేదు.

ప్రదర్శన కళలలో ఆచార్యుల విజయాలను లెక్కించేటప్పుడు సాధారణంగా వారు పొందిన పురస్కారాలు, చేసిన విదేశీ పర్యటనల జాబితా ఇవ్వడం ఆనవాయితీ. ఆ జాబితాకు విలువ లేదనలేము. అయితే గత దశాబ్దంలో తెలంగాణలో ఆచార్యులు సాధించిన మిన్నయైన ఫలితం తమ పేరిట గాక ఇతరుల పేరిట నమోదైనది. జానపద విజ్ఞానంలో సుదీర్ఘకాలం పనిచేసిన ఆచార్య జయధీర్ తిరుమలరావు, పాలమూరు విశ్వవిద్యాలయ ఆచార్యురాలు గూడూరు మనోజ, వారి సహచరులు ఊరూరా తిరిగి మరుగునపడుతున్న వాద్యాలను, వాటిని వాయించే చివరి తరం కళాకారులను గుర్తించి మూలధ్వని పేరిట వెలుగులోనికి తెచ్చారు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య, సమ్మక్క సారలమ్మల చరిత్రను డోలుతో గానం చేసిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కోయ గాయకుడు సకిని రామచంద్రయ్య 2022లో పద్మశ్రీ పొందారు. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్ప, జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య 2024లో అదే గౌరవం అందుకున్నారు. వీరెవరూ విశ్వవిద్యాలయ పట్టభద్రులు కారు.

గౌరవం తరువాత ఏమిటన్న ప్రశ్న వెంటనే ఎదురైనది. పద్మశ్రీ పొందిన మొగులయ్య 2024 మే నెలలో రంగారెడ్డి జిల్లాలోనే, తుర్కయంజాల్ వద్ద ఒక నిర్మాణ స్థలంలో దినకూలీగా పనిచేస్తున్న దృశ్యాలు ప్రసార మాధ్యమాలలో వచ్చినవి. అనంతరం ప్రభుత్వం ఆయనకు ఇంటి స్థలం అందజేసినది. రామచంద్రయ్య 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆయన గొంతులోని కోయ గాథలను పూర్తిగా నేర్చుకొన్నవారు ఎందరన్న ప్రశ్నకు ఏ ఇంటి స్థలమూ, ఏ నగదు బహుమతీ సమాధానం కాజాలదు. నేర్పడానికి ఒక గది, నేర్చుకోవడానికి నలుగురు పిల్లలు, గురువుకు నెలనెలా కొంత వేతనం ఉన్నప్పుడే ఆ సమాధానం దొరుకుతుంది.

ఇందుకు వీలు కల్పించే నియమం ఒకటి ఇప్పటికే అమలులో ఉన్నది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2023లో ఉన్నత విద్యాసంస్థలలో ఆవాస కళాకారుల నియామకానికి మార్గదర్శకాలు విడుదల చేసినది. అనుభవాన్ని, గుర్తింపును బట్టి కళాకారులను మూడు శ్రేణులుగా విభజించి, పట్టా ఉన్నా లేకున్నా కళాశాలలో బోధించేందుకు వారిని జాబితాలో చేర్చుకొనే వీలు దీనిలో ఉన్నది. 2020 జాతీయ విద్యావిధానం సైతం స్థానిక కళాకారులను బోధకులుగా తీసుకొనవలెనని సూచించినది. ఒకప్పుడు పట్టా లేదన్న ఒక్క కారణంతో గేటు వద్ద ఆగిపోయిన ఒగ్గు కథకుడు, చిందు భాగవతుడు నేడు నిబంధనల ప్రకారమే తరగతి గదిలో అడుగు పెట్టవచ్చును.

ఇచ్చటనే మొయినాబాద్ ప్రస్తావన ముఖ్యమవుతుంది. అజీజ్‌నగర్, యెంకపల్లి, చిలుకూరు పరిసరాలలో ఇంజనీరింగ్, వైద్య కళాశాలలు పలు వెలిసినవి. వేలాది విద్యార్థులు బస్సులలో ఉదయం వచ్చి సాయంత్రం వెళ్తుంటారు. వీరికి వార్షికోత్సవంలో సినిమా పాటల నృత్యం తప్ప మరొక కళతో పరిచయం కలిగే సందర్భం అరుదు. చుట్టూ ఉన్న గ్రామాలలో బోనాల డప్పు, చిరుతల రామాయణం, కోలాటం తెలిసిన పెద్దలు ఉంటారు. వారికీ కళాశాలలకూ నడుమ ఉన్నది ఒక ప్రహరీగోడ మాత్రమే. ప్రైవేటు కళాశాలలు ఈ మార్గదర్శకాలను తమంతట తాము అమలు చేస్తాయని ఆశించడం అత్యాశ. గుర్తింపు పునరుద్ధరణ సమయంలో అనుబంధ విశ్వవిద్యాలయం ఈ అంశాన్ని ఒక ప్రశ్నగా చేర్చినట్లయితే పరిస్థితి వేరుగా ఉండగలదు.

వేదికల విషయంలోనూ ఈ ప్రాంతానికి ఒక విశేషం ఉన్నది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకై 1996 మార్చి 8న వెలువడిన జీ.ఓ. 111 పరిధిలోని 84 గ్రామాలలో మొయినాబాద్, చేవెళ్ల మండలాల గ్రామాలు ఉన్నవి. 2022 ఏప్రిల్‌లో జీ.ఓ. 69 ద్వారా ప్రభుత్వం ఆ ఆంక్షలను షరతులతో సడలించినది. జలాశయాల పరిరక్షణపై చర్చ ముగియలేదు. భారీ కళాభవనం నిర్మించవలెనన్న ఆలోచన ఇటువంటి చోట తగదు. జానపద ప్రదర్శనకు అది అవసరమూ కాదు. రాతి అరుగు, నాలుగు దీపాలు, మట్టి మీద కూర్చొనే వీలు ఉన్న ఆరుబయలు రంగస్థలం చాలును. నిర్మాణ వ్యయం స్వల్పం, నేలకు నష్టం లేదు.

దీనికి భిన్నంగా, శేరిలింగంపల్లిలో ఇండోర్ రంగస్థలమే ప్రాణమైన కళ ఒకటి ఉన్నది. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో కీచక వధ నాటకంతో వనారస గోవిందరావు ప్రారంభించిన సురభి నాటక సమాజపు వారసులు అచ్చట సురభి కాలనీలో నివసిస్తున్నారు. జాతీయ నాటక విద్యాలయ మాజీ సంచాలకులు బి.వి. కారంత్ వారితో కలిసి నాటకాలు రూపొందించారు. వారిలో ప్రముఖులైన ఆర్. నాగేశ్వరరావు, అనగా సురభి బాబ్జీకి 2013లో పద్మశ్రీ లభించినది. ఆయన 2022లో దివంగతులయ్యారు. పుట్టిన బిడ్డ ఊయల వయసులోనే వేదిక ఎక్కే ఆ కుటుంబాలకు విశ్వవిద్యాలయ రంగస్థల శాఖ కొద్ది దూరంలోనే ఉన్నది. వారు నేర్పగలిగినది, వారు నేర్చుకోదగినది రెండూ ఉన్నవి.

విదేశాల తెలుగువారు ఈ విషయంలో చొరవ చూపిన తీరు గమనార్హం. 2010 డిసెంబర్ 26న గచ్చిబౌలి క్రీడా ప్రాంగణంలో సిలికానాంధ్ర నిర్వహించిన అంతర్జాతీయ కూచిపూడి సమ్మేళనంలో 2,800 మందికి పైగా నర్తకులు ఏకకాలంలో నర్తించి గిన్నిస్ పుస్తకంలో చోటు సంపాదించారు. ఆ తరువాత అదే సంస్థ కృషితో కాలిఫోర్నియాలో ఏర్పడిన సిలికానాంధ్ర విశ్వవిద్యాలయంలో కూచిపూడి, కర్ణాటక సంగీతం పట్టా స్థాయిలో బోధిస్తున్నారు. అమెరికాలోని తెలుగు బాలిక కూచిపూడిలో పట్టా పొందగలుగుతున్నది. చేవెళ్ల ప్రభుత్వ పాఠశాల బాలికకు అదే విద్యను అందించే ఉపాధ్యాయ కొలువు ఉన్నదా అన్నది విద్యాశాఖ పరిశీలించవలసిన అంశం. గురుకుల విద్యాలయాల నియామక మండలి 2023 ప్రకటనలలో సంగీత ఉపాధ్యాయ కొలువులు చేర్చినది. సాధారణ ప్రభుత్వ పాఠశాలల విషయంలో అటువంటి అడుగు పడితే విశ్వవిద్యాలయ నృత్య, నాటక పట్టభద్రులకు పని, పల్లె పిల్లలకు కళ ఒకేసారి లభించగలవు. తెలంగాణ సాంస్కృతిక సారథి ద్వారా ఐదు వందలకు పైగా కళాకారులకు ప్రభుత్వమే వేతనం చెల్లిస్తున్నది. ప్రచార కార్యక్రమాలు లేని దినములలో వారి సేవలను పాఠశాలలకు మళ్లించడానికి అదనపు వ్యయం దాదాపుగా ఉండదు.

కళాకారులను వెదకడం కష్టమన్న వాదన నిలువదు. భాషా సాంస్కృతిక శాఖ ద్వారా పింఛను పొందుతున్న వృద్ధ కళాకారుల పేర్లు, వారి కళారూపం, గ్రామం వివరాలు ప్రభుత్వ దస్త్రాలలోనే ఉన్నవి. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి, షాబాద్ మండలాలకు సంబంధించిన ఆ జాబితాను హైదరాబాద్ విశ్వవిద్యాలయ రంగస్థల, నృత్య శాఖలకు, సమీప కళాశాలల యాజమాన్యాలకు పంపించడానికి జిల్లా స్థాయి ఉత్తర్వు ఒక్కటి సరిపోతుంది. పింఛను పొందేవారిలో అధికులు అరవై ఏళ్లు దాటినవారు గనుక, ఆ ఉత్తర్వు వచ్చే విద్యాసంవత్సరం ఆరంభానికి ముందే వెలువడవలసి ఉన్నది.