రంగులేసిన వెలివాడ

ఊరవతల వాడ కట్టడానికి ఆనాడు జీవో అక్కర్లేకపోయింది. ఈనాడు దానికి జోన్ అని పేరు.

అమరావతి పటంలో ఆర్1 నుంచి ఆర్4 దాకా నివాస జోన్లు గీశారు. 2014 చట్టంలో పేదల ఇళ్లకు 5 శాతం భూమి అని రాశారు. ఏ పేదలకన్నదే తగువు! 2023 మార్చిలో ఆర్5 అని వేరే జోన్ పుట్టించి, మేలో సెంటు పట్టాలిచ్చారు. సెంటంటే 48 గజాలు. మంచమేస్తే పొయ్యి ఎక్కడ? ప్రేమతో ఇచ్చారంటే మేం నమ్మం. అడ్డం తిరిగినోళ్లు మాస్టర్ ప్లాన్ చెడుతుందన్నారు. (భూములిచ్చిన రైతుల్లో మనోళ్లూ ఉన్నారు, అది మరవం.) ఆగస్టులో హైకోర్టు ఇళ్ల కట్టుబడి ఆపింది. చేతికి పట్టా వచ్చింది, గోడ లేవలేదు.

మాకు వేరే జోన్ వద్దు, అన్ని జోన్లలోనూ మా ఇళ్లుండాలి. మీ పక్క పట్నం ముసాయిదా ప్లాన్ బయటపెట్టిన రోజే వెళ్లి, మీ సర్వే నంబరుకి ఏ రంగేశారో చూడండి. గడువులోగా అభ్యంతరం రాసిచ్చి రసీదు అడగండి.