మనకు భయం మార్పంటే కాదు, నవ్వులంటే



"రైతులు మారరు, ఎంత చెప్పినా వినరు." ఈ మాట మీటింగుల్లో ఎన్నిసార్లు విన్ననో లెక్కలేదు. మొన్న కూడా ఒకాయన అన్నడు. అక్కడ ఊరుకున్న గానీ, ఇంటికొచ్చినంక ఆలోచన పట్టుకుంది. నిజంగనే మనం మారమా?

ఆవకాయనే చూడండి. అందులో పడే మిరపకాయ మన దేశానిది కాదు. దాదాపు 500 ఏళ్ల కింద పోర్చుగీసు వాళ్ల ఓడల్లో అమెరికా ఖండం నుంచి వచ్చింది. అంతకుముందు మన పెద్దలు కారానికి మిరియాలు వాడేటోళ్లు. ఇయ్యాల గుంటూరు, ఖమ్మం మిర్చి లేని మార్కెట్‌ను ఊహించగలమా? 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వస్తే కొన్నేళ్లకే పత్తి చేలన్నీ అవే అయినయి. సంతల కూరగాయలమ్మే అవ్వ కూడా ఫోన్‌తో డబ్బులు తీసుకుంటున్నది. మారనోళ్లు చేసే పనులా ఇవి?

మరి డ్రమ్ సీడర్ దగ్గర ఎందుకు ఆగినం? నాటు వేస్తే ఎకరాకు 20, 25 కిలోల విత్తనం కావాలె. డ్రమ్ సీడర్‌కు 12, 15 కిలోలు చాలు. నారుమడి లేదు, నాట్ల కూలి లేదు, పంట కూడా వారం పది రోజులు ముందే చేతికొస్తది. ఇంత లాభముండి కూడా మా ఊళ్లో చాలాకాలం ఎవరూ ముట్టలేదు.

ముట్టిన ఒక్కడు మా పక్క పొలం తమ్ముడు. నాట్లలో అయితే నారు ముందే ఎదిగి ఉంటది, పొలంల నీళ్లు నిలబెడితే కలుపు అణుగుతది. విత్తనం వేస్తే వరీ కలుపూ ఒక్కసారే మొలుస్తయి, మొదట్లో నీళ్లు నిలబెట్టలేం. అందుకే మొదటి వారంలోపే కలుపు మందు కొట్టాలె. ఆ తమ్ముడు కొట్టలేకపోయిండు. పొలమంతా ఊద గడ్డి లేచింది.

ఊరంతా నవ్వింది. నేనూ నవ్విన. గట్టు మీద నిలబడి "ఏం తమ్మీ, వరి పెంచుతున్నవా, గడ్డి పెంచుతున్నవా?" అన్న. ఆయన తలొంచుకొని పోయిండు. మరుసటేడు మళ్లీ నాట్లే వేసిండు.

రెండేళ్లకు నాట్లకు కూలీలు దొరకక, నారు ముదిరిపోతుంటే నాకు దిక్కు తోచలేదు. తర్వాతి పంటకు అరెకరంలో డ్రమ్ సీడర్ పెడదామనుకొని, సిగ్గు విడిచి ఆ తమ్ముని దగ్గరికే పోయిన. అప్పుడు తెలిసింది, ఆ వారం ఆయన వాళ్లమ్మను దవాఖానల పెట్టుకొని ఉన్నడట. తప్పిపోయింది మందు కొట్టే రోజులు మాత్రమే, పద్ధతిల లోపం లేదు. ఈ సంగతి ఊళ్లో ఒక్కరం కూడా అడగలేదు. విత్తిన రోజు నుంచి ఆయనే నా వెంట ఉండి, ఎక్కడ మిట్ట ఉంది, ఎక్కడ నీళ్లు ఆగి విత్తనం మురుగుతది అని చూపించిండు. నన్ను చూసి ఒక్కసారి కూడా నవ్వలేదు. దిగుబడి నాటు వేసిన మడితో సమానంగనే వచ్చింది. కలుపు మందు ఖర్చు పెరిగింది గానీ, నాట్ల కూలి మిగిలింది.

నాకు అర్థమైంది ఇదే. అందరితో కలిసి నష్టపోతే "కాలం బాగలేదు" అంటరు. ఒక్కడే కొత్తది చేసి నష్టపోతే "వానికి తెలివి లేదు" అంటరు. కౌలు ముందే కట్టి, అప్పు తెచ్చి పెట్టినోనికి ఒక్క పంట పోతే ఏడాది తిండి పోయినట్టే. పైన ఈ మాటలు కూడా పడాలంటే ఎవడు ముందుకొస్తడు? దాన్ని మొండితనం అంటే నేనొప్పుకోను.

అందుకే అధికారులకు నా మనవి: ఉపన్యాసం తగ్గించి మా ఊరి పొలంలోనే అరెకరం చేసి చూపించండి, పోతే ఆ నష్టం మీరు భరించండి. మన రైతులకు మనవి: కొత్తదేదైనా మొత్తం భూమిల పెట్టకండి, ఒక మడిలో పెట్టి చూడండి. ఇంకో మాట. పక్కోని పొలంల గడ్డి లేస్తే గట్టు మీదనే నిలబడి నవ్వకండి. దిగిపోయి ఏమైందో అడగండి. నేను ఆ రోజే అడిగి ఉంటే, నాకూ ఆ తమ్మునికీ రెండేళ్ల నాట్ల కూలి మిగిలేది.