ఎండోస్కోపీ పది నిమిషాలే.. మరి రోజంతా ఎందుకు? సిక్కోలు, విజయనగరం పేషెంట్లు తెలుసుకోవాల్సిన మత్తు లెక్క ఇదీ..!

కడుపులోకి గొట్టం వేసి చూసే పరీక్ష. డాక్టర్‌కి అది ఐదు నుంచి పది నిమిషాల పని. కానీ ఇచ్ఛాపురం నుంచో, కవిటి నుంచో తెల్లవారుజామునే బస్సెక్కి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి శ్రీకాకుళం వచ్చే పేషెంట్‌కి మాత్రం రోజంతా పోతుంది. తోడు వచ్చినవాళ్ల కూలీ కూడా పోయినట్టే. అక్కడ కుదరదంటే విశాఖ కేజీహెచ్‌కో, ప్రైవేటుకో వెళ్లాలి.. అంటే ఇంకో వంద కిలోమీటర్లు. విజయనగరం వాళ్లకి విశాఖ కాస్త దగ్గరే. అయినా లైన్ మాత్రం లైనే.

డాక్టర్ లేటుగా వచ్చాడనో, స్టాఫ్ పట్టించుకోలేదనో తిట్టుకుంటాం. కొన్నిసార్లు అదీ నిజమే కావచ్చు. కానీ ఎండోస్కోపీ యూనిట్‌లో టైమ్‌ని తినేసేవి వేరే రెండున్నాయి. ఒకటి మత్తు.. రెండోది స్కోప్ కడగడం.

చిన్న లెక్క చూద్దాం. పరీక్షకు పది నిమిషాలంటే గంటకు ఆరుగురిని చూడొచ్చు కదా? కాగితం మీద అంతే. కానీ మత్తు ఇచ్చిన పేషెంట్ అరగంట నుంచి గంట దాకా రికవరీ బెడ్ మీదే ఉండాలి. ఆ బెడ్లు రెండే ఉన్నాయనుకోండి.. గంటకు ఇద్దరు, మహా అయితే నలుగురు. ఇక ఒకరికి వాడిన స్కోప్‌ని ఇంకొకరికి వాడే ముందు బ్రష్‌తో కడిగి, డిసిన్ఫెక్టెంట్‌లో నానబెట్టి, మళ్లీ నీళ్లతో కడిగి, ఆరబెట్టాలి. గ్లూటరాల్డిహైడ్‌లో నానబెట్టడానికే సుమారు 20 నిమిషాలు. మొత్తం కలిపితే అరగంట దాటిపోతుంది. స్కోప్ ఒక్కటే ఉంటే డాక్టర్ ఎంత స్పీడుగా చేసినా గంటకు ఒకటో, కాస్త ఎక్కువో. ఇక్కడ తొందరపడితే ఒకరి ఇన్ఫెక్షన్ ఇంకొకరికి అంటుకునే ప్రమాదం ఉంది.

అసలు మత్తు అందరికీ అవసరమా? కాదు. మామూలు పై ఎండోస్కోపీ మన దగ్గర చాలాచోట్ల గొంతులో లిగ్నోకైన్ స్ప్రే కొట్టి చేసేస్తారు. వికారంగా ఉంటుంది, కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. కానీ పేషెంట్ లేచి నడుచుకుంటూ వెళ్లిపోవచ్చు. తిమ్మిరి తగ్గేవరకు ఏమీ తినకూడదు, తాగకూడదు.. అంతే. కొలనోస్కోపీ, పిత్తనాళంలో రాళ్లు తీసే ఈఆర్‌సీపీ, చిన్నపిల్లల కేసులు వేరు. వాటికి మిడజోలం, ఫెంటానిల్, ప్రొపోఫాల్ లాంటి మందులు కావాలి.

ప్రొపోఫాల్ త్వరగా పనిచేస్తుంది, త్వరగా దిగిపోతుంది. ఆ రకంగా లైన్ వేగంగా కదులుతుంది. కానీ మోతాదు కాస్త ఎక్కువైతే ఊపిరి ఆగిపోవచ్చు. మిడజోలంకి ఫ్లుమాజెనిల్ అనే విరుగుడు ఉంది.. ప్రొపోఫాల్‌కి అలాంటి విరుగుడు మందు లేదు. 2009లో మైకేల్ జాక్సన్ చనిపోయింది ఈ మందు వల్లే. ఇంట్లో, సరైన మానిటర్లు లేకుండా ఇచ్చారు. స్విట్జర్లాండ్, జర్మనీల్లో శిక్షణ పొందిన నర్సులు కూడా దీన్ని ఇస్తారు. మన దగ్గర ఇది మత్తు డాక్టర్ పనే. ఆ మత్తు డాక్టర్‌కేమో ఆపరేషన్ థియేటర్ నుంచి పిలుపొస్తుంది. ఎమర్జెన్సీ సిజేరియన్ ఒకపక్క, ఎండోస్కోపీ ఒకపక్క ఉంటే ఆయన ఎటు వెళ్తారో వేరే చెప్పాలా?

ఇప్పుడు ఉద్దానం సంగతి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బుల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కిడ్నీ పాడైన మనిషికి మత్తు లెక్కే మారిపోతుంది. మిడజోలం శరీరంలో విడిపోయాక మిగిలే పదార్థం కిడ్నీ ద్వారా బయటకు పోవాలి. పోకపోతే మత్తు దిగడం లేటవుతుంది. పెథిడిన్ ఇస్తే ఇంకా ఇబ్బంది.. దాని వ్యర్థం పేరుకుపోతే ఫిట్స్ రావచ్చు. కొలనోస్కోపీ ముందు పేగు శుభ్రానికి తాగే సోడియం ఫాస్ఫేట్ మందు కిడ్నీలను దెబ్బతీస్తుందని 2008లోనే అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అలాంటి వాళ్లకు పీఈజీ పౌడర్ మేలు. ఈ ప్రశ్న టేబుల్ ఎక్కాక అడిగితే కేసు ఆగిపోతుంది, స్లాట్ వృథా. ముందురోజే ఫోన్‌లో "కిడ్నీ సమస్య ఉందా? గురక ఎక్కువా? ఏ మందులు వాడుతున్నారు?" అని అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

మా బంధువు ఒకావిడని ఇలాగే తీసుకెళ్లాం. పొద్దున్నే బస్సెక్కే ముందు ఓ గ్లాసు చోడి అంబలి తాగింది. "పరగడుపున రమ్మన్నారు, అంబలి తిండి కాదు కదా" అని ఆవిడ లెక్క! ఆసుపత్రి వాళ్లు వెనక్కి పంపేశారు. వాళ్ల తప్పు లేదు. మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణాపాయం. తేలికపాటి తిండికి 6 గంటలు, మంచినీళ్లలాంటి వాటికి 2 గంటలు గ్యాప్ ఉండాలి. అంబలి, మజ్జిగ, పాల టీ నీళ్ల కిందకి రావు. కానీ ఆ ముక్క చీటీ మీద ఎవరూ రాసివ్వలేదు.

విజయనగరంలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. అదే ఏడాది డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు. కొత్త స్కోప్ కొంటే ఫొటో దిగుతారు. రికవరీ బెడ్‌కి, ఊపిరిని కనిపెట్టే కాప్నోగ్రఫీ మానిటర్‌కి ఎవరూ రిబ్బన్ కట్ చేయరు. ఆక్సిజన్ పెట్టి ఉంచిన పేషెంట్‌కి ఊపిరి ఆగితే వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ ఆలస్యంగా చెబుతుంది. కాప్నోగ్రఫీ అంతకంటే ముందే పసిగడుతుంది. మా దృష్టిలో నాయకులను అడగాల్సింది ఇదే.. రికవరీ బెడ్లెన్ని? స్కోపులెన్ని? మత్తు డాక్టర్ ఏ రోజు ఎండోస్కోపీకే కేటాయింపు? వారంలో రెండు పూటలు ఖాయం చేసి మత్తు కేసులన్నీ అప్పుడే పెడితే, మిగతా రోజుల్లో స్ప్రే కేసులు చకచకా అయిపోతాయి. దీనికి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు.

మీరు వెళ్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "స్ప్రేతో చేస్తారా, మత్తు ఇస్తారా?" అని అడగండి. మత్తు అంటే తోడు ఒకరు ఉండాల్సిందే. ఆ రోజంతా బైక్ నడపకూడదు, భూమి కాగితాల మీద సంతకాలూ పెట్టకూడదు. తోడు ఎవరూ లేకపోతే స్ప్రేతో కుదురుతుందేమో ముందే కనుక్కోండి. బస్సు ఛార్జీ అయినా మిగులుతుంది.