తెరలు కొంటిరి, చేతిని మరచితిరి

తరగతిలో బొమ్మ లుండవలెనా వలదా యను వాదమును కొందరు పండితమ్మన్యులు నేటికిని విడువకున్నారు. బొమ్మ చూపినచో బాలుని ఊహ చచ్చునట! అక్షర మొక్కటియే చదువట! ఈ వాదమునకు సమాధానము 1658లోనే నూరెంబర్గు పట్టణమున అచ్చయినది. కొమీనియసు అను మొరేవియా దేశపు ఉపాధ్యాయుడు పిల్లలకై బొమ్మల పుస్తకమును వెలువరించి, బొమ్మలోని వస్తువులకు అంకెలు వేసి, ఆ అంకెలను బట్టి వాని పేర్లను లాటినులోను జర్మనులోను చదువునట్లు కూర్చెను. అంత దూరము పోనేల? తెలంగాణమున చేర్యాల నకాషీవారు మూరలకొలది గుడ్డపై కులపురాణములను చిత్రించిరి. కథకు డా పటమును విప్పి, ఒక్కొక్క బొమ్మనే చూపుచు కథ నడపెడివాడు. చూపు చేయియు, చెప్పు నోరును పటము నెదుటనే యుండెను. ముందు రానున్న బొమ్మ చుట్టలోనే దాగియుండెను.

కావున బొమ్మ వలదనువారిని గూర్చి యింతకంటె వ్రాయ నక్కఱలేదు. మా పేచీ వేఱొకరితో. బొమ్మను బజారున కొని తెచ్చి, గోడకు తగిలించి, విద్యాదాన మయ్యెనని చేతులు దులుపుకొను వారితో.

ఒక దృష్టాంతము చూడుడు. వేరుశనగ అను పేరులోనే ఒక పొరపాటు దాగియున్నది. కాయ వేరునకు కాయదు. ఆకుల మొదట పసుపుపచ్చని పువ్వు పూయును. పువ్వు వాడిన పిమ్మట దాని యడుగునుండి ఊడ యొకటి బయలుదేరి, క్రిందికి వంగి, నేలలో దూరును. మంటిలోని ఆ ఊడ కొనయే కాయ యగును. అనంతపురము సీమ రైతుబిడ్డ ఈ మొక్కను పెరుకుట వందలసార్లు చూచినవాడే. అయినను కాయ వేరునకు కాయునని చెప్పినచో ఆశ్చర్యము లేదు, పేరు వానికట్లు నేర్పినది. ఇచట మాట తప్పు చెప్పుచున్నది, బొమ్మయే దిద్దవలెను.

ఎట్టి బొమ్మ? నేర్పుగల ఉపాధ్యాయుడు నల్లబల్లపై ముందుగా నేలగీత గీయును. దానిపై కొమ్మ, కొమ్మకు పువ్వు. అచట సుద్దముక్క నాపి, “ఇక నేమగును?” అని యడుగును. నలుగురు నాలుగు విధముల జెప్పుదురు. వారి యూహలన్నియు బయటపడిన పిదప ఊడను మెల్లగా నేలగీత దాటించును. అంతట చేనినుండి తెచ్చిన మొక్కను పిల్లల చేతికిచ్చి, ఊడ లెచటనున్నవో వెదకుమనును. అదే పాఠము తెరపై అర నిమిషమున ముగియును. రంగులు, సంగీతము, ఎగిరెడు సీతాకోకచిలుక! పిల్లలు చప్పట్లు కొట్టుదురు. మఱునాడు కాయ మరల వేరునకే కాయును. మాటకు తోడైన చిత్రము నేర్పునకు సాయపడుననియు, పాఠమున కక్కఱలేని యలంకారము దానికే యడ్డమగుననియు కాలిఫోర్నియా ఆచార్యుడు రిచర్డు మేయరు పరిశోధించి, 2001లో గ్రంథముగా వెలువరించెను. మన తెరల వ్యాపారులకు దానిని చదువు తీరిక లేనట్లున్నది.

మా వృత్తిధర్మము ననుసరించి యొక మాట. వ్యాజ్యము కొఱకు గీయించిన పటము సరియైనదని ఋజువు చేయవలెనని 1872 నాటి సాక్ష్యచట్టము 83వ సెక్షను విధించెను. పొలము పటమును బల్లపై పెట్టినంత మాత్రమున న్యాయాధిపతి దానిని నమ్మడు. గీచినవాడు బోనెక్కి, అడిగిన ప్రశ్నకెల్ల బదులు చెప్పవలెను. రెండెకరముల పొలమునకు ఇంత జాగ్రత్త యుండగా, బాలుని బుద్ధికి మాత్రము బదులు చెప్పు నోరులేని బొమ్మ చాలునా?

1987లో కేంద్రప్రభుత్వము ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అను పేర ప్రాథమిక పాఠశాలలకు నల్లబల్లలు, పటములు, బోధనసామగ్రి సమకూర్పబూనెను. ఆ పటములలో నెన్ని ప్రధానోపాధ్యాయుని బీరువా దాటి వెలుగు చూచినవో వృద్ధులైన ఉపాధ్యాయుల నడుగుడు. చినిగినచో జవాబు చెప్పుకొనవలెనను భయము పటమును బీరువాలో బంధించినది. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల గోడలకు డిజిటల్ తెరలు ఎక్కినవి. తెరను మేము ద్వేషింపము. గుండె కొట్టుకొను తీరును, గ్రహణము పట్టు తీరును సుద్దముక్క అంత చక్కగ చూపజాలదు. అయితే తెరకు టెండరు పిలిచినవారు ఉపాధ్యాయుని చేతికి గీత నేర్పుటకు ఎన్ని దినములు కేటాయించిరి?

శాసనము మాత్రము మఱచిపోలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టపు షెడ్యూలు, ఆఱు మొదలు ఎనిమిదవ తరగతి వరకు నూటికి మించి పిల్లలున్న బడిలో కళావిద్యకు పాక్షికకాల శిక్షకు డుండవలెనని స్పష్టముగ వ్రాసినది. అది దయాదాక్షిణ్యముల మాట గాదు, హక్కు మాట. ఆ శిక్షకు డున్నచోట తక్కిన ఉపాధ్యాయులును నేలగీత గీయ నేర్తురు. లేనిచోట తెర కరెంటు పోయిననాడు గోడకు వ్రేలాడు నల్లపలక.

జిల్లా విద్యాధికారులను మేమడుగునది యెక్కువ కాదు. వచ్చు జూనులో బడులు తెరచులోపల తమ జిల్లాలో తెరలెన్నియో, ఆ షెడ్యూలు ప్రకారము కళావిద్యా శిక్షకు లెందరో, రెండంకెలను ఒకే కాగితముపై ప్రక్కప్రక్కనే ప్రకటింపుడు. పఠనమందిరములలోని పాఠకు లా కాగితమును పేరుపేరున అడిగి తెప్పించుకొందురు గాక.